ఎన్‌ఏడీ మాత్ర కొనే ముందూ, కొన్నాకా ఏం చేయాలి

వయసు పెరిగేకొద్దీ ఒంట్లో సత్తువ తగ్గడానికి, కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే ఎన్‌ఏడీ తగ్గిపోవడమే కారణమనీ, దాన్ని మాత్రలతో భర్తీ చేసుకుంటే చాలనీ చెప్పే ప్రకటనలు మీకూ కనబడే ఉంటాయి. ఆ మాటలో కొంత గట్టి జీవరసాయన శాస్త్రం. మిగతాది, ఎలుకల్లో చూసినదంతా మనుషుల్లోనూ జరుగుతుందన్న ఊహ. ఆ రెంటినీ విడదీసి చూడటం తెలిస్తే డబ్బు మిగులుతుంది, కాలేయానికి అనవసరమైన భారం తప్పుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎన్‌ఏడీని బయటనుంచి పెంచుకునే ప్రయత్నం చివర్లో చేయాల్సిన పని. దానికంటే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి రెండింటికి మాత్రల కంటే బలమైన సాక్ష్యం ఉంది. ఈ వరుస తప్పకుండా చేయండి, ఎందుకంటే వెనకటి అడుగు తేలకపోతే ముందు అడుగు ఫలితం అర్థం కాదు.

ముందు అది చేసే పని తెలుసుకోండి

ఎన్‌ఏడీ పూర్తి పేరు నికోటినమైడ్ అడెనిన్ డైన్యూక్లియోటైడ్. బతికున్న ప్రతి కణంలోనూ ఉంటుంది. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ అనే ఇద్దరు ఈస్ట్ రసాన్ని వడకట్టి రెండు భాగాలు చేశారు. విడివిడిగా ఏ భాగమూ చక్కెరను పులియబెట్టలేకపోయింది. రెండూ కలపగానే పని మళ్లీ మొదలైంది. వడకట్టులో కిందికి దిగిన చిన్న అణువుల భాగాన్ని మరిగించినా దాని శక్తి పోలేదు. అందులో ఉన్న ముఖ్యమైన పదార్థమే ఇది. ఈ దారిలో చేసిన పరిశోధనకు హార్డెన్‌కూ, హాన్స్ ఫాన్ ఆయ్‌లర్-కెల్పిన్‌కూ 1929లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

దీన్ని రేవు దాటించే పడవ అనుకోండి. ఆహారం విడగొట్టే చోట ఎలక్ట్రాన్లను ఎక్కించుకుంటుంది, అప్పుడు దాని పేరు ఎన్‌ఏడీహెచ్. కణంలో శక్తి తయారుచేసే గదులైన మైటోకాండ్రియాలో దించేస్తుంది, ఖాళీ అయి మళ్లీ ఎన్‌ఏడీగా వెనక్కి వస్తుంది. ఒక్క గ్లూకోజ్ అణువు పూర్తిగా కాలేసరికి ఇలాంటి పది ఎన్‌ఏడీహెచ్‌లు తయారవుతాయి. ఒక్కోటి సుమారు రెండున్నర ఏటీపీలకు, అంటే కణం వాడుకునే శక్తి నాణేలకు, సరిపడా శక్తిని అప్పగిస్తుంది. ఈ పనిలో పడవ అరిగిపోదు, అటూ ఇటూ తిరుగుతుందంతే. అందుకే ఇక్కడ మొత్తం ఎన్ని పడవలున్నాయన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఖాళీవెన్ని, నిండినవెన్ని అన్న నిష్పత్తి కూడా అంతే ముఖ్యం.

రెండో పని వేరు. కొన్ని ఎంజైములు ఎలక్ట్రాన్లతో సంబంధం లేకుండా ఆ పడవనే విరగ్గొట్టి చెక్క వాడుకుంటాయి. డీఎన్‌ఏ తెగినప్పుడు అతుకు పనికి పిలుపునిచ్చే పార్ప్‌లు, జన్యువుల పనిని అదుపు చేసే సర్టూయిన్లు, రోగనిరోధక కణాల మీద ఉండే సీడీ38 ఈ కోవలోవి. క్షీరదాల్లో సర్టూయిన్లు ఏడు రకాలు. ఇవి ఎన్‌ఏడీని తుంచిన ప్రతిసారీ నికోటినమైడ్ అనే ముక్క మిగులుతుంది. శరీరం ఆ ముక్కను పారేయదు, మళ్లీ ఎన్‌ఏడీగా అతుకుతుంది. ఆ అతుకు పని ఎంత జోరుగా సాగాలో నిర్ణయించే ఎంజైమ్ పేరు నాంప్ట్. ఈ పేరు గుర్తుంచుకోండి, వ్యాయామం దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ విరగడం, అతకడం ఎంత వేగంగా జరుగుతుందో ఎలుకల్లో కొలిచి చూశారు. చిన్నపేగులో ఉన్న ఎన్‌ఏడీలో సగం పావుగంటలో మారిపోతుంది. కండరంలో అదే సగం మారడానికి సుమారు 15 గంటలు పడుతుంది. ఇంత వేగంగా ఖర్చయి తయారయ్యే పదార్థం తగ్గిందంటే తయారీ మందగించి ఉండాలి, లేదా ఖర్చు పెరిగి ఉండాలి. ప్రకటనలు మొదటిదాన్నే చెబుతాయి. ముసలి ఎలుకల్లో మాత్రం రెండోది స్పష్టంగా కనబడింది. వయసుతో వచ్చే సన్నపాటి, ఆరని వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల సీడీ38 పెరుగుతుంది, అది ఎన్‌ఏడీని ఎక్కువగా తింటుంది. మనుషుల విషయానికొస్తే చర్మం, మెదడు, కండరం మీద జరిగిన కొన్ని అధ్యయనాల్లో వయసుతో తగ్గుదల కనిపించింది. కానీ అన్ని అవయవాల్లోనూ, అందరిలోనూ ఒకే లెక్కన తగ్గుతుందని ఎవరూ నిరూపించలేదు. యాభై ఏళ్లకు సగం పోతుందని ఎవరైనా అంకె చెబితే, ఏ అవయవంలో, ఎవరిలో కొలిచారని అడగండి.

మొదటి అడుగు: మీ నీరసానికి మామూలు కారణాలు లేవని తేల్చుకోండి

ఎన్‌ఏడీ కోసం వెతికేవాళ్లలో చాలామందిని అటు నడిపించేది అలసట. ఆ అలసటకు కారణం రక్తహీనత అయితే, ఏ ఎన్‌ఏడీ మాత్రా దాన్ని తీర్చలేదు. కాబట్టి ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లి ఈ పరీక్షల గురించి మాట్లాడండి: హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు చెప్పే ఫెర్రిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, బి12, మూడు నెలల సగటు చక్కెర, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు పక్కవాళ్లు చెబితే నిద్ర పరీక్ష అడగండి. వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్లండి, బీపీ మందుల్లో, అలర్జీ మందుల్లో కొన్ని నీరసం తెస్తాయి. మనసు బాగాలేకపోవడం కూడా ఒంటి అలసటగానే తెలుస్తుంది, దాన్నీ దాచకండి.

ఈ పరీక్షల కాగితాలు పారేయవద్దు. తర్వాత సప్లిమెంట్ మొదలుపెడితే, పోల్చుకోవడానికి ఇవే ఆధారం.

నిజంగా ఎన్‌ఏడీ కొరత ఎలా ఉంటుందో కూడా తెలిసుండాలి. ఎన్‌ఏడీకి ముడిసరుకైన బి3 విటమిన్ లేకపోతే వచ్చే జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, ముఖ్యంగా మెడ చుట్టూ, చేతుల మీద చర్మం ఎర్రబడి, నల్లబడి, పొలుసులు లేస్తుంది. విరేచనాలు, నాలుక మంట, మతిమరుపు తోడవుతాయి. వదిలేస్తే ప్రాణం పోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే తిని బతికిన పేదల్లో ఇది విపరీతంగా వ్యాపించింది. అంటువ్యాధి అని అందరూ నమ్ముతున్న రోజుల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుంచి పట్టుబట్టి, ఇది తిండిలో లోపమని చూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ కుక్కల్లో దీనికి సమానమైన నల్లనాలుక జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేశాడు. ఎన్‌ఏడీ చరిత్రలో మనిషి ప్రాణాన్ని తిరుగులేకుండా కాపాడిన ఘట్టం నాకు తెలిసి ఇదే. అది సాధించింది మామూలు చవక విటమిన్.

ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. అయితే ఏళ్ల తరబడి ఎక్కువగా మద్యం తాగేవాళ్లు, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతున్నవాళ్లు, పేగుల్లో పోషకాలు సరిగా ఇంకనివాళ్లు, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దీని అంచున ఉండొచ్చు. పై లక్షణాలు మీలో ఉంటే ఇక్కడితో చదవడం ఆపి డాక్టర్‌ను కలవండి. మీకు కావాల్సింది వైద్యం.

రెండో అడుగు: ముడిసరుకు అందుతోందా చూసుకోండి

పెద్ద మగవాళ్లకు రోజుకు 16 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 14 మిల్లీగ్రాముల బి3 సరిపోతుంది. గర్భిణులకు 18. ఇది పెద్ద లెక్క కాదు. వంద గ్రాముల వేరుశనగ పప్పుల్లో సుమారు 12 మిల్లీగ్రాములు ఉంటుంది. వంద గ్రాముల వండిన కోడి రొమ్ము మాంసంలో, కొన్ని రకాల చేపల్లో దాదాపు అంతే దొరుకుతుంది. పుట్టగొడుగులు, పొట్టు తీయని ధాన్యాలు మరికొంత ఇస్తాయి.

ఇంకో దారి కూడా ఉంది. మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి శరీరం తానే బి3ని తయారు చేసుకుంటుంది, సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము చొప్పున. పాలలో, గుడ్లలో బి3 తక్కువున్నా అవి పెల్లాగ్రాను ఆపగలిగేది ఇందుకే. ఈ మార్పిడికి బి6, బి2, ఇనుము కావాలి. మొదటి అడుగులో ఫెర్రిటిన్ చూడమన్నదానికి ఇది ఇంకో కారణం.

చేయాల్సింది తేలిక. మూడు రోజులు తిన్నదంతా రాసుకోండి. రోజూ ఏదో ఒక పూట సరైన మాంసకృత్తు ఉండి, ధాన్యం ఒకటే తినకుండా ఉంటే మీకు ముడిసరుకు కొరత లేనట్టే. అలాంటప్పుడు బి3 మోతాదు ఇంకా పెంచడం వల్ల ఒరిగేది తక్కువ.

మూడో అడుగు: అనవసరపు ఖర్చు ఆపండి

ఈ అడుగు గురించి మాత్రలు అమ్మేవాళ్లు ఎక్కువ మాట్లాడరు, ఎందుకంటే ఇందులో అమ్మడానికేమీ లేదు.

మద్యంతో మొదలుపెట్టండి. కాలేయం మద్యాన్ని రెండు మెట్లలో విరగ్గొడుతుంది. రెండు మెట్లలోనూ ఖాళీ ఎన్‌ఏడీ ఎన్‌ఏడీహెచ్‌గా మారుతుంది. తాగిన కాసేపట్లోనే కాలేయ కణంలో ఖాళీ, నిండిన పడవల నిష్పత్తి నిండిన వైపు మొగ్గుతుంది. కొవ్వును కాల్చే పని తగ్గి, కొవ్వు పేరుకునే పని పుంజుకుంటుంది. తాగేవాళ్ల కాలేయానికి కొవ్వు పట్టడానికి ఇదొక ముఖ్య కారణం. రాత్రి తాగి పొద్దున ఎన్‌ఏడీ మాత్ర వేసుకునే అలవాటు ఉంటే, ముందు మానాల్సింది ఏదో వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది ఎండ. అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. పార్ప్‌లు లేచి, అతుకు పని కోసం ఎన్‌ఏడీని గుప్పిళ్లతో ఖర్చు చేస్తాయి. మధ్యాహ్నపు ఎండలో ఒళ్లు కప్పుకోవడం, సన్‌స్క్రీన్ రాసుకోవడం ఈ ఖర్చును నేరుగా తగ్గిస్తాయి. దీనికి తోడుగా ఒక మంచి సాక్ష్యం ఉంది. ఆస్ట్రేలియాలో మునుపటి అయిదేళ్లలో కనీసం రెండు చర్మ క్యాన్సర్లు వచ్చినవాళ్లకు, మెలనోమా అనే ప్రమాదకరమైన రకం కానివి, నికోటినమైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఏడాది పాటు ఇచ్చారు. కొత్త క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. మాత్ర ఆపాక ఆ రక్షణ నిలవలేదు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లలో తర్వాత చేసిన పరీక్షలో ఈ లాభం కనిపించలేదు. కాబట్టి అదే చరిత్ర ఉన్నవాళ్లు చర్మ వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాల్సిన విషయమిది. మిగతావాళ్లందరికీ వర్తించదు.

మూడోది ఆరని వాపు. సీడీ38ను రెచ్చగొట్టేది అదే. చిగుళ్ల జబ్బు ఉంటే దంతవైద్యుడి దగ్గర శుభ్రం చేయించుకోండి. పొగ మానండి. నడుము చుట్టుకొలత పెరుగుతుంటే దాన్ని పట్టించుకోండి, పొట్ట లోపలి కొవ్వు కూడా వాపుకు మూలమే.

నాలుగోది నిద్ర వేళ. నాంప్ట్ తయారీని మన శరీర గడియారమే నడిపిస్తుందని 2009లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా చూపించాయి. అందువల్ల ఎన్‌ఏడీ మట్టం ఇరవై నాలుగు గంటల్లో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రోజూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేచి, పొద్దున వెలుతురు చూడండి. రాత్రి పొద్దుపోయాక తినడం తగ్గించండి.

నాలుగో అడుగు: కండరానికి పని చెప్పండి

ఒక్క అడుగే వేయగలిగితే ఇది వేయమంటాను.

అతుకు పని చేసే నాంప్ట్ మనిషి కండరంలో వయసుతో తగ్గుతుంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో కుర్రవాళ్లకూ, పెద్దవయసువాళ్లకూ పన్నెండు వారాలు వ్యాయామం చేయించి, కండరపు ముక్క తీసి కొలిచారు. ఆయాసం తెప్పించే వ్యాయామమైనా, బరువులెత్తే వ్యాయామమైనా నాంప్ట్ పెరిగింది. బరువుల వ్యాయామంతో పెద్దవయసువాళ్లలో పెరుగుదల దాదాపు 30 శాతం. అంటే శరీరం తన ఎన్‌ఏడీని తానే ఎక్కువ తయారు చేసుకునే ఏర్పాటు ఇది. ఎక్కడ అవసరమో అక్కడే తయారవుతుంది.

దీనితో మాత్రను పోల్చి చూడండి. 2019లోనే వయసైన మగవాళ్లకు రోజుకు ఒక గ్రాము నికోటినమైడ్ రైబోసైడ్ 21 రోజులు ఇచ్చారు. కండరంలోకి చేరిందనడానికి గుర్తులు దొరికాయి. కానీ మైటోకాండ్రియా పనితీరు మారలేదు, పట్టు బలం పెరగలేదు. వ్యాయామమైతే నాంప్ట్‌ను పెంచడంతో ఆగకుండా కొత్త మైటోకాండ్రియాను కూడా కట్టిస్తుంది. ఎన్‌ఏడీహెచ్ తెచ్చిన ఎలక్ట్రాన్లను దించుకునే చోటు అప్పుడే పెరుగుతుంది. నాకు మాత్రల కంటే దీని మీద నమ్మకం ఎక్కువ కావడానికి కారణం ఈ తేడాయే.

చేసే విధానం ఇది. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలరు గానీ పాట పాడలేరు అన్నంత వేగంగా నడవండి, లేదా సైకిల్ తొక్కండి. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులకు సరిపోతుంది. వారంలో రెండు రోజులు, మధ్యలో ఒక రోజైనా ఎడం ఇచ్చి, పెద్ద కండరాలన్నిటికీ బరువు పని పెట్టండి: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, బరువు పట్టుకుని నడవడం, మెట్లు. ఒక్కో వ్యాయామం ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. తేలికైపోతే బరువు పెంచండి. గుండె జబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీ పట్టేస్తున్నా, డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టండి.

పన్నెండు వారాలు. ఈ లోపు సప్లిమెంట్ మొదలుపెట్టకండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే, ఒంట్లో వచ్చిన మార్పు దేనివల్లో ఎప్పటికీ తెలియదు.

అయిదో అడుగు: మాత్ర గురించి నిజం తెలుసుకుని నిర్ణయించండి

అంగడిలో దొరికేవి స్థూలంగా నాలుగు రకాలు.

నికోటినిక్ ఆమ్లం అన్నిటికంటే పాతది, చవకైనది. 30 నుంచి 50 మిల్లీగ్రాములు దాటితే చాలామందికి ముఖం, మెడ ఎర్రబడి మండుతాయి, దురద పుడుతుంది. గ్రాముల మోతాదులో కాలేయాన్ని దెబ్బతీయగలదు. మెల్లగా కరిగేలా తయారుచేసిన మాత్రలతో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. చక్కెరను, యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. గుండెకు మేలని ఏళ్ల తరబడి వాడారు గానీ, 2011లో, 2014లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నవాళ్లకు అదనపు లాభం కనబడలేదు. రెండో పరీక్షలో మధుమేహం, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం పెరిగాయి.

నికోటినమైడ్‌తో ఒళ్లు ఎర్రబడదు, ధరా తక్కువే. మరీ ఎక్కువైతే సర్టూయిన్లకే అడ్డుపడుతుందని పరీక్షనాళికలో తేలింది. యూరప్‌లో పెద్దవాళ్లకు నికోటినమైడ్ పైహద్దు రోజుకు 900 మిల్లీగ్రాములు. నికోటినిక్ ఆమ్లానికి 10 మాత్రమే. అమెరికాలో సప్లిమెంట్ల ద్వారా తీసుకునే బి3కి పైహద్దు 35 మిల్లీగ్రాములు.

నికోటినమైడ్ రైబోసైడ్‌నే క్లుప్తంగా ఎన్‌ఆర్ అంటారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 55 నుంచి 79 ఏళ్లవాళ్లు 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఆరు వారాలు వాడారు. రక్తపు తెల్లకణాల్లో ఎన్‌ఏడీ సుమారు 60 శాతం పెరిగింది, ఇబ్బందులు పెద్దగా రాలేదు. అదే ఏడాది ఊబకాయం ఉన్న మగవాళ్లకు రోజుకు రెండు గ్రాములు పన్నెండు వారాలు ఇస్తే, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. ఒక పక్క ఎన్‌ఏడీ పెరిగింది, మరో పక్క మనిషికి లాభం కనిపించలేదు. ఈ రంగంలో పదేపదే ఎదురయ్యే ఫలితం ఇదే.

నికోటినమైడ్ మోనోన్యూక్లియోటైడ్, అంటే ఎన్‌ఎంఎన్, నాలుగోది. 2021లో వచ్చిన పరీక్షలో మధుమేహం అంచున ఉన్న, బరువెక్కువైన, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు రోజుకు 250 మిల్లీగ్రాములు పది వారాలు వాడారు. కండరాలు ఇన్సులిన్‌కు స్పందించే తీరు సుమారు 25 శాతం మెరుగైంది. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే పాల్గొన్నది పాతికమందే. బరువు, రక్తపోటు మారలేదు. ఇక చట్టం సంగతి: అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో ఎన్‌ఎంఎన్‌ను సప్లిమెంట్‌గా అమ్మడానికి వీల్లేదని చెప్పి, 2025లో ఆ మాట వెనక్కి తీసుకుంది. అమ్మకానికి అనుమతి ఉండటం, పనిచేస్తుందని రుజువు కావడం ఒకటి కాదు.

ఎన్‌ఆర్, ఎన్‌ఎంఎన్‌లలో ఏది మేలన్న వాదన మీద ఎక్కువ సమయం పెట్టకండి. ఎలుకల్లో జాడ పట్టి చూస్తే, నోటి ద్వారా తీసుకున్న రెండిట్లోనూ ఎక్కువ భాగం కాలేయంలో నికోటినమైడ్‌గా మారాకే మిగతా అవయవాలకు చేరింది. నేరుగా ఎన్‌ఏడీ మాత్రలు కూడా అమ్ముతున్నారు. అది పేగులోనే ముక్కలవుతుంది కాబట్టి దానికి అదనంగా ఖర్చు పెట్టడంలో అర్థం లేదు.

నరంలోకి ఎక్కించే ఎన్‌ఏడీ సంగతి వేరుగా చెప్పాలి. గంటల తరబడి మెల్లగా ఎక్కిస్తారు. కొంచెం వేగం పెంచితే వాంతి వచ్చినట్టవడం, ఛాతీ బిగపట్టడం, కడుపునొప్పి రావడం మామూలు. వృద్ధాప్యానికో, అలసటకో ఇది పనిచేస్తుందని చూపిన సరైన పెద్ద పరీక్ష లేదు. దీన్ని తేలిగ్గా చూడకండి, నరంలోకి వెళ్లే ఏ ద్రవమైనా శుభ్రత తప్పితే ప్రాణం మీదికి తెస్తుంది. దీన్ని మానమనే చెబుతాను.

ఇంకొక జాగ్రత్త. ఒంట్లో అవసరానికి మించి చేరిన బి3 విరిగి 2పీవై, 4పీవై అనే పదార్థాలుగా మారుతుంది. ఇవి రక్తంలో ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చినట్టు 2024లో ఒక అధ్యయనం చూపించింది. అవే కారణమని అది నిరూపించలేదు. అయినా ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకోకుండా ఉండటానికి ఇది చాలు.

ఎవరు మొదలుపెట్టకూడదు

క్యాన్సర్ ఉన్నవాళ్లు, చికిత్స పొందుతున్నవాళ్లు తమ క్యాన్సర్ వైద్యుడు ఒప్పుకోకుండా తీసుకోకూడదు. చాలా కణితుల్లో నాంప్ట్ ఎక్కువగా పనిచేస్తుంది. కణితికీ ఎన్‌ఏడీ కావాలి. అందుకే నాంప్ట్‌ను అడ్డుకునే మందులను క్యాన్సర్ మీద ప్రయోగించి చూశారు. పార్ప్‌లను అడ్డుకునే మందులు వాడుతున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఈ మోతాదుల జోలికి పోవద్దు. కాలేయ జబ్బు, గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు), అదుపులో లేని చక్కెర ఉన్నవాళ్లు, స్టాటిన్ వాడుతున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా నికోటినిక్ ఆమ్లం ముట్టుకోవద్దు.

ఆరో అడుగు: అయినా వాడి చూడాలనుకుంటే, పరీక్షలా వాడండి

నాలుగో అడుగు పన్నెండు వారాలు పూర్తయ్యాక, ఇంకా వాడి చూడాలనిపిస్తే ఆ కోరికలో తప్పేమీ లేదు. కాకపోతే తారీఖు పెట్టుకుని మొదలుపెట్టండి, తారీఖు పెట్టుకుని ఆపండి.

సీసా కొనేటప్పుడు చూడాల్సినవి: ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో స్పష్టంగా రాసి ఉండాలి. సొంత మిశ్రమం అని ఒకే అంకె వేసి నాలుగైదు పేర్లు కలిపేస్తే పక్కన పెట్టేయండి. బ్యాచ్ నంబర్ ఉండాలి. ఆ బ్యాచ్‌ను కంపెనీతో సంబంధం లేని ల్యాబ్ పరీక్షించిన పత్రం అడిగితే చూపించగలగాలి. అందులో పదార్థం ఎంత స్వచ్ఛమో, సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎంతున్నాయో రాసి ఉండాలి. ఎన్‌ఆర్ వేడికీ తేమకూ చెడుతుంది కాబట్టి, మూత బిగించి పొడిగా, చల్లగా ఉన్న చోట పెట్టండి.

కొలవడానికి ఒకటి, మహా అయితే రెండు విషయాలు ఎంచుకోండి. హుషారుగా ఉందా అన్న ప్రశ్నకు జవాబు రోజుకో రకంగా వస్తుంది, దాన్ని నమ్ముకోలేం. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరు, పరగడుపు చక్కెర ఎంత, ఇలాంటివి తీసుకోండి. మొదట ఒకటి రెండుసార్లు సాధన చేయండి, లేకపోతే అలవాటు వల్ల వచ్చిన పెరుగుదలను మాత్ర ఖాతాలో వేస్తారు. ఆ తర్వాత రెండు వారాల పాటు, వారానికి రెండుసార్లు, ఒకే వేళకు కొలిచి రాసుకోండి.

ఆ తర్వాత మాత్ర మొదలుపెట్టండి. పరీక్షల్లో వాడిన మోతాదుల్లో తక్కువ వైపు ఉండండి. ఎన్‌ఎంఎన్ అయితే 250 మిల్లీగ్రాములు, ఎన్‌ఆర్ అయితే 300 దగ్గర మొదలుపెట్టడం సబబు. పొద్దున తిన్నాక వేసుకోండి. రెంటినీ కలపకండి. పన్నెండు వారాల్లో ఇంకే కొత్త మార్పూ చేయకండి, వ్యాయామం అలాగే సాగించండి. ఆపాక నాలుగు వారాలు అదే కొలత కొనసాగించండి. వేసుకున్నప్పుడు పెరిగి, ఆపినప్పుడు తగ్గితే అందులో ఏదో ఉందనుకోవచ్చు. తేడా లేకపోతే సీసా మళ్లీ కొనకండి.

వేలి చుక్కతో ఇంట్లో ఎన్‌ఏడీ కొలిచే కిట్లు ఈ కొలతకు పనికిరావు. వాటిలో తేలేది రక్త కణాల్లోని మట్టం. కండరంలో, మెదడులో ఏముందో అవి చెప్పలేవు. మాత్ర వేసుకుంటే రక్తంలో అంకె పెరగడం దాదాపు ఖాయం. ఆ అంకెను చూసి మాత్ర పనిచేసిందని అనుకోవద్దు.

మొదలుపెట్టే ముందు, ఆరు వారాలకు, పన్నెండు వారాలకు కాలేయ ఎంజైములు, చక్కెర, యూరిక్ ఆమ్లం చూపించుకోండి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, కుడివైపు డొక్కలో నొప్పి, ఆగని వాంతులు, కారణం లేని కండరాల నొప్పి, ఒళ్లంతా దద్దురు, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆపేసి, సీసా చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర వాడుతున్న సంగతి ముందుగానే చెప్పండి, ఎప్పుడు ఆపాలో వాళ్లనే అడగండి.